బండి కాళ్ళకు జోళ్ళు

మనం జోళ్ళు కొనడానికి వెళ్ళినప్పుడు ఎంత జాగ్రత్త పడతామో గమనించారా? తొడిగి చూస్తాం, నాలుగడుగులు నడిచి చూస్తాం, మడమ దగ్గర నొక్కి చూస్తాం, వానలో తడిస్తే అడుగు ఊడుతుందేమోనని కొట్టువాణ్ణి నాలుగుసార్లు అడుగుతాం. పొలం గట్ల మీద తిరిగే రైతు కొనేది ఒకటి, ఆఫీసుకు వెళ్ళే గుమాస్తా కొనేది మరొకటి. ఒకరి జోడు ఇంకొకరికి పనికిరాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి టన్నులకొద్దీ బరువు మోసే బండికి జోళ్ళు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ తెలివితేటలన్నీ ఎక్కడికో పోతాయి. ఒకరు "చవకైనవి చూడు" అంటారు. ఇంకొకరు "మొరటుగా కనిపించేవి చూడు" అంటారు. ఆ బండి ఎక్కడ తిరుగుతుంది, ఎంత మోస్తుంది అని అడిగేవారు అరుదు.

లారీ టైర్ల గొడవ మనకెందుకమ్మా అని పేజీ తిప్పేయకండి. ఒక సోదరి చేతి గాజులు ఈ సంగతి మీదే ఆధారపడి వున్నాయి.

గోదావరి ప్రాంతం నుంచి ఆవిడ రాసిన ఉత్తరం సారాంశం ఇది. భర్త రిటైరైన మాస్టారు. ఒక్కడే కొడుకు. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ పని నేర్చుకుని, కొన్నాళ్ళు ఒకరి దగ్గర పనిచేసి, ఈమధ్య బ్యాంకు అప్పుతో ఒక పాత బ్రేక్‌డౌన్ బండి కొన్నాడు. రోడ్డు మీద ఆగిపోయిన కార్లనూ, వ్యాన్లనూ ఒక వైపు చక్రాలు పైకెత్తి లాక్కువెళ్ళే బండి అన్నమాట. దానికి ముందు రెండు చక్రాలు, వెనక జోడుజోడుగా నాలుగు. ఆరు టైర్లూ అరిగిపోయి వున్నాయి. ఎలాంటి నేల మీదనైనా పోయే ఆల్ టెరెయిన్ టైర్లు ఆరూ కొత్తవే కావాలంటాడు కుర్రవాడు. ఆరింటికీ రీబటన్ వేయిస్తే చాలదా అంటారు మాస్టారు. పెద్దపెద్ద గడ్డలున్న బురద టైర్లు వేస్తే బండి ఏనుగులా పోతుందంటాడు ఆవిడ తమ్ముడు.

"నా గాజుల జత తాకట్టు పెడితే ఆరు టైర్లూ వస్తాయట. ఇవ్వడానికి నాకు బాధ లేదు. రాత్రి రెండింటికి ఫోను మోగితే వాడు లేచి వెళతాడు. తిరిగివచ్చేదాకా నాకు కంటిమీద కునుకుండదు. గాజులు ఇస్తే నిద్ర పడుతుందా, పట్టదా? అది చెప్పండి చాలు" అని అడిగారావిడ.

ఇంత సూటిగా అడిగినవారికి ఉబుసుపోక కబుర్లు చెప్పకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో మా పెద్దమ్మగారి అబ్బాయికి షెడ్డు వుంది. ముప్ఫయ్యేళ్ళుగా అన్నయ్య కాపురమంతా లారీల కిందే. ఉత్తరం పట్టుకుని వెళ్ళాను. చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆఖరిదాకా చదివాడు.

"ఏం చెల్లాయ్, ముగ్గురూ టైరు సంగతే మాట్లాడారు గాని బరువు సంగతి ఒక్కరూ ఎత్తలేదే!" అన్నాడు.

"పెద్ద బండే కదా అన్నయ్యా, మొయ్యలేదా?" అన్నాను.

"మామూలు లారీ బరువును వీపు మీద మోస్తుంది. ఈ బండి తోక మీద మోస్తుంది. అక్కడుంది కిటుకు" అంటూ నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు.

మన పల్లెల్లో వెనక ఏతాం వుండేది, చూసే వుంటారు. దూలానికి ఒక కొనన బరువు పడితే రెండో కొన పైకి లేస్తుంది. బ్రేక్‌డౌన్ బండికి వెనక ఇరుసే ఏతాం స్తంభం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 3 మీటర్లనుకోండి. పైకెత్తిన కారు బరువు వెనక ఇరుసుకు ఇంకో మీటరున్నర అవతల వేలాడుతోందనుకోండి. ఆ బరువు 600 కిలోలైతే, వెనక చక్రాల మీద అదనంగా పడేది 600 కాదు, 900 కిలోలు! ఆ ఎక్కువ 300 ఎక్కడిదంటారా? ముందు చక్రాల మీద నుంచి లేచి వెనక్కి వచ్చింది. అదే 1200 కిలోలు ఎత్తితే వెనక 1800 పెరుగుతుంది, ముందు 600 తగ్గుతుంది. అంటే వెనక టైర్లు నలిగిపోతుంటాయి. దారి తిప్పవలసిన ముందు టైర్లేమో నేలను సరిగ్గా పట్టుకోలేక తేలిపోతుంటాయి. ఒకే బండికి రెండు కష్టాలు. అందుచేత ఆరింటికీ ఒకటే మందు అన్న మాట మొదటే కొట్టివేయాలి.

ఈ పనికి మొదటి బండి పుట్టింది 1916లో, అమెరికాలో టెనసీ రాష్ట్రంలోని చట్టనూగా పట్టణంలో. ఎర్నెస్ట్ హోమ్స్ అనే గరాజు యజమాని, వాగులో పడిన ఒక కారును తాళ్ళతో, మనుషులతో పైకి లాగించేసరికి తల ప్రాణం తోకకు వచ్చి, పాత కాడిలాక్ కారు మీద క్రేను బిగించాడు. నూరేళ్ళు దాటినా లెక్క మారలేదు: ఎత్తేది క్రేనే అయినా, చివరికి మోసేది టైరే.

మరి ఏ టైరు ఎంత మోస్తుందో తెలిసేదెలా? అది టైరు పక్క గోడ మీదే అచ్చు వేసి వుంటుంది. మనం చదవం, అంతే. ఒక టైరు మీద సైజు పక్కన 122/118 ఎల్ అని వున్నదనుకోండి. ఆ అంకెలు కిలోలు కావు, సంకేతాలు. 122 అంటే, ఒంటరిగా బిగిస్తే ఆ టైరు 1500 కిలోలు మోస్తుందని. 118 అంటే, జోడుగా బిగిస్తే ఒక్కొక్కటి 1320 కిలోలు మోస్తుందని. జోడులో బరువు ఎప్పుడూ సరిసమానంగా పడదు, రెంటి మధ్యా గాలి ఆడక వేడి నిలుస్తుంది. అందుకే ఆ తగ్గింపు. ఎల్ అన్న అక్షరం గంటకు 120 కిలోమీటర్ల వేగానికి గుర్తు. వీటితోపాటు 14 పి.ఆర్., 16 పి.ఆర్. అని వుంటుంది. పూర్వం నూలు బట్ట పొరలు లెక్కపెట్టి చెప్పిన బలం అది. ఇప్పుడు లోపల అన్ని పొరలు వుండవు గాని, బలానికి కొలతగా ఆ మాట నిలిచిపోయింది. బండితో వచ్చిన పుస్తకంలో ఏ సైజు, ఏ అంకెలు రాసి వున్నాయో, కొత్త టైరు మీద అవే వుండాలి, లేదా అంతకు పై అంకె వుండాలి. కిందిది మాత్రం, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. అలాగని పై అంకె టైరు వేసినంత మాత్రాన బండి ఎక్కువ బరువు ఎత్తవచ్చుననీ కాదు. ఇరుసు, బ్రేకులు, చట్రం పాతవే కదా. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసిన బరువే హద్దు.

జోడు టైర్ల విషయంలో ఇంకొక లెక్క అన్నయ్య చెప్పాడు. ఖాళీ బండికి వెనక ఇరుసు మీద 2200 కిలోలుంటే, ఇందాకటి 1800 కలిపి 4000. పక్కకు 2000, టైరుకు 1000. బాగానే వుంది. ఇప్పుడు లోపలివైపు టైరులో గాలి పోయిందనుకోండి. ఆ పక్క 2000 కిలోలూ ఒక్క బయటి టైరు మీద పడతాయి. దాని శక్తి 1500. బయటి నుంచి చూసేవాడికి బండి నిక్షేపంగా కనిపిస్తుంది. ఇరవై మైళ్ళు పోయాక అది పేలుతుంది. వెనక వేలాడుతున్న కారుతో సహా బండి రోడ్డుకు అడ్డం తిరుగుతుంది. "డ్రైవర్లు కర్రతో కొట్టి చప్పుడు విని సరే అనుకుంటారు. పూర్తిగా గాలి లేనిదేదో చప్పుడు చెబుతుంది గాని, సగం గాలి వున్నదాన్ని చెప్పదు. అందుకు గేజీ కావాలి" అన్నాడు.

అసలు బరువు మోసేది రబ్బరు అనుకుంటాం. కాదు, లోపలి గాలి. రబ్బరూ దారాలూ ఆ గాలిని పట్టి వుంచే సంచీ మాత్రమే. గాలి తక్కువైతే టైరు తిరిగిన ప్రతిసారీ పక్క గోడలు మడతపడి లేస్తుంటాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కి విరిగినట్టే, ఆ మడతలతో టైరు లోపల వేడి పుట్టి రబ్బరుకూ దారాలకూ పొత్తు విడిపోతుంది. మన మే నెల ఎండలో తారురోడ్డు సంగతి చెప్పనక్కరలేదు. కనుక పొద్దున్నే, బండి కదలకముందు, చల్లగా వున్నప్పుడు గాలి చూడాలి. మధ్యాహ్నం వేడెక్కి గేజీ ముల్లు పైకి పోయిందని గాలి వదిలేయడం పొరబాటు. చల్లారాక అది తక్కువైపోతుంది. ఈ గాలి టైరును జనం వాడుకలోకి తెచ్చినది ఒక తండ్రి అని మీకు తెలుసో తెలియదో. బెల్ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా పోవాలని గాలి గొట్టం చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. కొడుకు ప్రయాణం గురించి బెంగ పెట్టుకున్నవారిలో మన సోదరి మొదటివారేమీ కాదు.

ఇక కుర్రవాడికీ మేనమామకూ మధ్య వున్న తగవు, అంటే బటన్ సంగతి. టైరు అడుగున వుండే అచ్చును మనవాళ్ళు బటన్ అంటారు. అది ముఖ్యంగా మూడు రకాలు. పొడుగునా గీతలుండే టైరు తారురోడ్డు మీద చల్లగా, చప్పుడు లేకుండా, చెప్పినట్టు తిరుగుతుంది. బురదలో దిగితే ఆ గీతలు మట్టితో పూడిపోయి నున్నటి గుండులా తయారవుతుంది. పెద్ద గడ్డలూ, మధ్య వెడల్పు సందులూ వున్న టైరు బురదను చీల్చుకుపోతుంది, అంటుకున్న మట్టిని తనే విదిలించుకుంటుంది. కాని తారు మీద నేలను తాకే రబ్బరు తక్కువ కనుక తడిరోడ్డు మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది, మోత పెడుతుంది, గడ్డల అంచులు తొందరగా అరుగుతాయి. ఈ రెంటికీ మధ్యరకమే ఆల్ టెరెయిన్. అన్ని నేలలకూ పనికివస్తుందంటే అన్నిటిలోనూ మొదటిదని అర్థం కాదు. ఎక్కడా మరీ మోసం చేయదని మాత్రమే అర్థం.

అందుకని కుర్రవాడు చేయవలసిన మొదటి పని టైర్ల కొట్టుకు వెళ్ళడం కాదు, తన నోటుపుస్తకం తెరవడం. కిందటి వంద పిలుపుల్లో ఎన్ని తారురోడ్డు మీదివి, ఎన్ని చేపల చెరువుల గట్ల మీదివి, ఎన్ని కంకర దారుల మీదివి? ఎనభై తారు మీదివే అయితే, మిగతా ఇరవై కోసం రోజూ బురద టైర్లు తొడగడం, ఏటికొక్కసారి వరదొస్తుందని ఏడాది పొడుగునా మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని తిరిగినట్టు వుంటుంది. రోజూ చేలల్లోకీ, క్వారీల్లోకీ దిగే బండి అయితే లెక్క వేరు. మేనమామగారి మాట అక్కడ చెల్లుతుంది. మరొకటి కూడా వుంది. వానాకాలంలో నల్లరేగడిలో ఏ టైరూ నిలవదు. అక్కడ కావలసింది బండిని తారు మీదే ఆపుకుని, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వించి తాడుతో లాగే ఓపిక. ఇరుక్కున్నదాన్ని తీయబోయి తనే ఇరుక్కుంటే ఇంకో బండిని పిలవాలి. కొన్ని టైర్ల మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు బొమ్మ కనిపిస్తుంది. అది మంచు దేశాల దారులకు పరీక్ష చేసిన గుర్తు. కోనసీమలో మంచు పేరుకునే రోజు వస్తే అప్పుడు చూసుకోవచ్చు, దానికోసం పైసా ఎక్కువ ఇవ్వనక్కరలేదు.

నైలాన్ టైరా, రేడియలా అన్నది మరొక ప్రశ్న. లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ వుంటే నైలాన్ రకం. ఒక అంచు నుంచి రెండో అంచుకు తిన్నగా పోతే రేడియల్. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో దానికి పేటెంటు తీసుకుంది. రేడియల్ చల్లగా నడుస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. నైలాన్ టైరు పక్క గోడ గట్టిది కనుక గతుకుల దారుల్లో దానికి అభిమానులు ఇప్పటికీ వున్నారు. ఏదైనా సరే, ఒకే ఇరుసుకు ఒకటి అదీ ఒకటి ఇదీ బిగించకూడదు. రెండెడ్లు రెండు నడకలు నడిస్తే కాడి ఏమవుతుందో అదే అవుతుంది.

మాస్టారి రీబటన్ మాటకు వద్దాం. రీబటన్ అనగానే మొహం చిట్లించనక్కరలేదు. విమానాల టైర్లకు కూడా మళ్ళీ మళ్ళీ కొత్త అచ్చు వేసి వాడతారు. ఆర్టీసీ బస్సులూ వాడతాయి. టైరు ఒళ్ళు గట్టిగా వుంటే పైన కొత్త రబ్బరు వేయడం పొదుపే. కాని ఆ ఒళ్ళు ఎవరిదో తెలిసి వుండాలి. గాలి లేకుండా పరిగెత్తినదీ, పక్క గోడ ఉబ్బినదీ, తీగ బయటపడినదీ, ముసలిదీ పనికిరాదు. తన టైర్ల చరిత్ర తనకు తెలుస్తుంది గనుక సొంత టైర్లకు వేయించుకోవడం మేలు. ఎవరివో తెలియని పాతవి కొనడం అపాయం. మరి ముందు చక్రాలకు? వద్దు. అమెరికాలో బస్సుల ముందు చక్రాలకు రీట్రేడు టైర్లు వేయకూడదని చట్టమే వుంది. మన బండికి ముందువైపు ఎలాగూ తేలిపోతుంటుందని లెక్క చూశాం కదా. అక్కడ పొదుపు పనికిరాదు.

టైరు వయసు తెలుసుకోవడం కూడా కష్టం కాదు. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, అందులో నాలుగంకెలు వుంటాయి. 2324 అని వుంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పదేళ్ళు దాటితే చూడడానికి ఎంత నవనవలాడుతున్నా మార్చేయమని చాలా కంపెనీలు చెబుతాయి. రబ్బరు కూడా మనలాగే, కదలకుండా కూర్చున్నా ముసలిదవుతుంది. ఇక అరుగుదల: గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మన మోటారు వాహనాల నిబంధన. లాగుడు బండి విషయంలో అంతదాకా ఆగకుండా, వానాకాలానికి ముందే మార్చడం మంచిది.

ఆరు టైర్ల లెక్కలో అందరూ మరిచిపోయినది ఏడోది. మనం స్టెప్నీ అంటాం. వేల్స్ దేశంలో లనెత్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలో 1904లో అదనపు చక్రం తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరే మన నోట నిలిచిపోయింది. నలుగురి బండ్లూ లాగవలసినవాడు తన స్టెప్నీ లేక రోడ్డు పక్కన నిలబడితే ఎంత అప్రతిష్ఠ!

సరే, సోదరికి నా జవాబు ఇది. ముందు రెండూ కొత్తవి, గీతల రకం, బండి పుస్తకంలోని బరువు అంకె తగ్గకుండా, ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. వెనక నాలుగు పాత టైర్ల ఒళ్ళు నమ్మకమైన షాపులో పరీక్ష చేయించండి. పాసైనవాటికి మధ్యరకం అచ్చుతో రీబటన్ వేయించండి. పోయినవాటి బదులు కొత్తవి తీసుకోండి. ఒక జోడులో రెండూ ఒకే ఎత్తు వుండేలా సర్దించండి. ఎత్తు తేడా వుంటే పెద్దది మోస్తుంది, చిన్నది ఈడ్చుకుంటుంది. పాసైనవాటిలో ఒకటి స్టెప్నీకి వుంచండి. చక్రాలు బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరగగానే నట్లు మళ్ళీ బిగించి చూడమనండి. నాలుగూ పాసైతే ఒక్క గాజుతో సరిపోవచ్చు. కాకపోతే రెండోది కూడా ఇవ్వండి, కాని రీబటనా కొత్తవా అన్నది షాపువాడు టైరు విప్పి చూశాక తేల్చుకోండి, ఇంట్లో వాదించుకుని కాదు. మిగిలిన డబ్బులో మొదట కొనవలసినది మంచి గేజీ.

ఇక నిద్ర మాట. గాజులు నిద్రను కొనిపెట్టలేవమ్మా. రాత్రి రెండింటికి లేచి వెళ్ళే కొడుకున్న తల్లికి కొంత మెలకువ తప్పదు. కాని ఏడు టైర్లకూ ఏడు గళ్ళు గీసిన పుస్తకం ఒకటి బండిలో పెట్టించి, రోజూ పొద్దున్న గాలి ఎంతో అందులో రాయమనండి. మాస్టారు నలభై బళ్ళ హాజరుపట్టీలు రాసి వుంటారు. ఆ పుస్తకం తనిఖీ ఆయనకు అప్పగించండి. ఆరింటికీ రీబటన్ అన్నందుకు ఆయన చిన్నబుచ్చుకోకుండా ఇదొక మర్యాద కూడా.

మిగతా పాఠకులకు ఒక మాట. హైవే మీద మన కారు ఆగిపోయి, పిల్లలతో చీకట్లో నిలబడినప్పుడు ఇలాంటి బండే మన కోసం వస్తుంది. తొందరలో వున్నా ఒక్క నిమిషం దాని ముందు టైర్లు టార్చి వేసి చూడండి. గాళ్ళు కనిపించకపోతే, మన బండి కట్టనివ్వకుండా ఇంకొకర్ని పిలవడం తప్పేమీ కాదు. ఈ ఆదివారం మీ స్కూటరు, కారు టైర్ల మీద కూడా ఆ నాలుగంకెలు చదివి చూడండి. మీ ఇంట్లో పిల్లలున్నారా? వాళ్ళకి అప్పగించండి, సరదాగా లెక్క కట్టేస్తారు.

వచ్చే వారం, వానలు పడేలోగా బియ్యానికి పురుగు పట్టకుండా దాచుకోవడం గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.